‘దేఖ్లేంగే భాయ్’ ఖరీదు ఎంత?

బండిని గ్యారేజీలో పెట్టి "ఎంతైతది ఉస్తాద్?" అని అడిగితే నల్లగొండలోనైనా, పాలమూరులోనైనా వచ్చే జవాబు ఒకటే: "దేఖ్లేంగే భాయ్." కాస్త దగ్గరివాడైతే "ఆప్ సే జ్యాదా లేతూం క్యా?" అని నవ్వుతాడు కూడా. ఆ నవ్వు చూశాక ఇంకో మాట అడగాలంటే మనకు షరమ్ అడ్డొస్తుంది. మనోడు. మన మొహల్లావాడు. జుమ్మా రోజు అదే సఫ్‌లో పక్కన నిలబడేవాడు. లెక్క రాసివ్వమంటే అనుమానించినట్టే కదా! తాళాలు చేతిలో పెట్టి ఇంటికొస్తాం. మూడో రోజు ఫోన్ వస్తుంది: "భాయ్, బండి రెడీ. పద్నాలుగు వేల రెండు వందలైంది, మీరు పద్నాలుగివ్వండి." ఆ రెండు వందల రియాయత్‌కు షుక్రియా కూడా చెప్పి వస్తాం.

కారు రిపేరులో ధోకా అంటే మనకు వెంటనే గుర్తొచ్చేవి నకిలీ సామాను, మార్చని పార్టుకు రాసిన బిల్లు. అవి ఉన్నాయి, వాటి సంగతీ చెప్తాను. కానీ వాటన్నిటికీ తలుపు తీసేది ఆ "దేఖ్లేంగే" అనే మాట. రేటు చెప్పని మిస్త్రీ, అడగని గిరాకీ ఇద్దరూ కలిసి ఆ తలుపు తీస్తున్నారు. మనం లిహాజ్ అని పేరు పెట్టుకున్నది చాలాసార్లు లిహాజ్ కాదు, హిసాబ్ నుంచి తప్పించుకోవడం.

ఎవరి గురించి మాట్లాడుతున్నామో కూడా సాఫ్‌గా అనుకుందాం. నల్లగొండ నుంచి నార్కట్‌పల్లి వైపు వెళ్లినా, మహబూబ్‌నగర్ నుంచి జడ్చర్ల వైపు వెళ్లినా రోడ్డు పక్కన రేకుల షెడ్లు కనిపిస్తాయి. మెకానిక్, డెంటర్, పెయింటర్, ఆటో ఎలక్ట్రీషియన్, రేడియేటర్, సీటు కవర్లు, పంక్చర్. ఈ పనుల్లో మనవాళ్లు ఎంతమంది ఉన్నారో తెలియడానికి సర్వేలు అక్కర్లేదు, బోర్డుల మీద పేర్లు చదివితే చాలు. పొలం లేదు, నౌకరీ లేదు, బడి మధ్యలో మానేసిన పిల్లవాణ్ణి ఉస్తాద్ దగ్గర వదిలితే కనీసం హునర్ వస్తుందని నమ్మిన తండ్రుల వల్ల నిలబడిన ధంధా ఇది. మిస్త్రీలంతా దొంగలే అని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది. అలాగని మనవాడు కాబట్టి ధోకా ఉండదంటే అదీ అబద్ధమే. ఇది చదివే ఖాందాన్‌లో ఒక తమ్ముడు బానెట్ కింద తలపెట్టి ఉంటాడు, ఒక అన్న చేతిలో బిల్లు పట్టుకుని లెక్క అర్థం కాక నిలబడి ఉంటాడు. ఇద్దరికీ కలిపే చెప్తున్నాను.

అసలు చిక్కు మజ్దూరీ దగ్గర మొదలవుతుంది.

క్లచ్ ప్లేటు మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి. బండి కింద పడుకుని ఇద్దరు మనుషులు గంటల తరబడి చేసే పని. మజ్దూరీ రెండున్నర వేలు అన్నాడనుకోండి, "అరే, ఇంతనా?" అని పదిహేను వందలకు దించుతాం. అదే క్లచ్ సెట్టు ఆరు వేలంటే మారు మాట్లాడం. ఎందుకంటే అది డబ్బాలో వచ్చింది. డబ్బాకు ఇచ్చే ఇజ్జత్ మనిషి చేతికి ఇవ్వం. అప్పుడు మిస్త్రీ ఏం చేస్తాడు? పోయిన వెయ్యి రూపాయలను డబ్బాలోనే వెతుక్కుంటాడు. సామాను దుకాణంవాడి కమీషన్ ఒకవైపు, ఐదు వేలకు తెచ్చినదానికి ఆరు వేలు రాయడం ఇంకోవైపు. అలా మజ్దూరీ వెళ్లి సామాను ధరలో దాక్కుంటుంది. ఒకసారి దాచడం అలవాటయ్యాక ఎంత దాచాలో దానికి హద్దు ఉండదు. ఇంకా పెద్ద నుక్సాన్ ఏమిటంటే, శుభ్రం చేసి బిగిస్తే నడిచే పార్టును కూడా తీసి పారేయాల్సి వస్తుంది. శుభ్రం చేసినందుకు ఎవరూ పైసలివ్వరు. కొత్తది వేస్తేనే ఇస్తారు.

కురాన్‌లో 83వ సూరా పేరే అల్-ముతఫ్ఫిఫీన్. తూకంలో కోతపెట్టేవాళ్ల గురించి. మనం దాన్ని కిరాణా కొట్టువాడికి చెప్పిన మాటగానే వింటాం. కానీ అక్కడ చెప్పిన మనిషికి రెండు చేతులున్నాయి. తీసుకునేటప్పుడు నిండుగా కావాలి, ఇచ్చేటప్పుడు తగ్గించాలి. మూడు లీటర్ల ఆయిల్ పోసి నాలుగు లీటర్లని రాసే మిస్త్రీ ఒక చెయ్యి. పని పూర్తిగా చేయించుకుని మజ్దూరీ దగ్గర కోతపెట్టే గిరాకీ రెండో చెయ్యి. మజ్దూర్ చెమట గురించిన హదీస్ మనకందరికీ నోటికి వచ్చు. గ్యారేజీ గుమ్మం దగ్గరే ఎందుకో మర్చిపోతాం.

ఆయిల్ మాట వచ్చింది కాబట్టి అదే చూద్దాం. చిన్న పెట్రోల్ కార్లలో చాలావాటికి పట్టేది మూడు లీటర్ల చుట్టుపక్కలే. మీ బండికి ఎంత, ఏ గ్రేడు అన్నది బండితో పాటు ఇచ్చిన పుస్తకంలో అచ్చేసి ఉంటుంది. ఆ పుస్తకం చాలామంది ఇళ్లలో ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా డ్యాష్‌బోర్డులో పడి ఉంటుంది. ఆ ఒక్క పేజీ ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. సీలు మీ ముందు తెరవమనండి, పోసి కాసేపాగాక గేజ్ పుల్ల తీసి చూపించమనండి. ఖాళీ డబ్బా ఇంటికి తెచ్చుకోండి, లేదంటే అక్కడే పానాతో ఒక చిల్లు పొడిచి వదిలేయండి. బ్రాండ్ డబ్బాల్లో మళ్లీ నల్ల నూనె నింపి అమ్మే ధంధా ఆ ఖాళీ డబ్బాల మీదే నడుస్తుంది.

పాత పార్టు సంగతి ఇంకా తేలిక. "పాతది నాకు ఇచ్చేయ్ ఉస్తాద్" అని బండి ఇచ్చే రోజే చెప్పాలి, తీసుకునే రోజు కాదు. తీసుకునే రోజు అడిగితే "కబాడీవాడు పట్కపోయిండు భాయ్" అనే జవాబు రెడీగా ఉంటుంది. ముందే చెబితే రెండు ఫాయిదాలు. మార్చకుండా మార్చానని చెప్పే రాస్తా మూసుకుపోతుంది. అరిగిందో లేదో మీ కంటికి కనిపిస్తుంది. బ్రేక్ ప్యాడ్ మందం చూడటానికి ఇంజనీరింగ్ చదవక్కర్లేదు. పాత బ్యాటరీకి లోపలి సీసం వల్ల ఖరీదు ఉంది, కొత్త బ్యాటరీ ధరలో అంత తగ్గాలి. ఇక సైలెన్సర్ పని ఉంటే మరీ జాగ్రత్త. అందులోని క్యాటలిటిక్ కన్వర్టర్‌లో ప్లాటినం, పల్లాడియం, రోడియం లాంటి ఖరీదైన ధాతువులుంటాయి. సైలెన్సర్ల దొంగతనాలు జరిగేది అందుకే. నమ్మి వదిలిన బండిలోంచి దాన్ని తీసి ఉత్త పైపు బిగిస్తే నెలల తరబడి మనకు తెలియదు. మా ఉర్దూ మీడియం బడిలో "అమానత్ మే ఖయానత్" అన్న మాటతో వాక్యం రాయమనేవారు. ఇంతకు మించిన మిసాల్ దొరకదు.

మన రెండు జిల్లాలకు ప్రత్యేకంగా ఉన్న మాట ఇంకోటుంది: "సామాను హైదరాబాద్ నుంచి రావాలి." నల్లగొండైనా, మహబూబ్‌నగరైనా హైదరాబాద్‌కు దగ్గర దగ్గర వంద కిలోమీటర్లు. ఆ మాట చాలాసార్లు నిజమే. రాణీగంజ్‌లో దొరికేదంతా ఇక్కడ దొరకదు. కానీ ఆ వంద కిలోమీటర్ల దూరంలో ధర మారిపోతుంది, రోజులు పెరుగుతాయి, "రాను పోను ఖర్చా" పుట్టుకొస్తుంది. దీనికి గొడవ అక్కర్లేదు. దుకాణం బిల్లు ఫోటో, ఆర్టీసీ పార్సిల్‌లో వస్తే ఆ రసీదు ఫోటో వాట్సాప్‌లో పెట్టమంటే చాలు. డబ్బా మీద ఎమ్మార్పీ, తయారైన నెల, తయారుచేసినవాడి పేరు ఉండాలని 2011 ప్యాకేజీ సరుకుల నిబంధనలు చెబుతున్నాయి. ఎమ్మార్పీ కంటే ఎక్కువ తీసుకోవడం నేరం, దాని మీద తూనికలు కొలతల శాఖకు ఫిర్యాదు చేయొచ్చు. డబ్బా లేకుండా విడిగా, నూనె పూసి తెచ్చిన పార్టును "కంపెనీదే" అంటే, ఆ కంపెనీ ఏదో డబ్బా చూపించాల్సిన బాధ్యత అతనిదే. సెకండ్ హ్యాండ్ పార్టు వేయడం తప్పు కాదు, అది సెకండ్ హ్యాండ్ అని చెప్పి, ఆ ధరే తీసుకుంటే. గరీబు ఆటోవాలాల బండ్లు నడుస్తున్నది దానివల్లే.

హైవే మీద సంగతి వేరు. 65వ నంబరు మీద చౌటుప్పల్ నుంచి కోదాడ దాకా, 44 మీద షాద్‌నగర్ నుంచి అలంపూర్ చౌరస్తా దాకా, ఆగిన బండి మళ్లీ రాని గిరాకీ. మొహల్లాలో లిహాజ్ అయినా ఉంటుంది, అక్కడ అదీ ఉండదు. ట్యూబ్‌లెస్ టైరుకు ఒక పంక్చర్‌తో పోయి నాలుగు పంక్చర్ల పైసలిచ్చి వచ్చినవాళ్లు ప్రతి ఖాందాన్‌లోనూ ఒకరుంటారు. చాయ్ తాగడానికి పక్కకు పోకండి. సబ్బు నీళ్లు పోసి బుడగ ఎక్కడొస్తుందో చూపించాకే సూది పెట్టమనండి. పెట్టిన ప్రతిదానికీ ముందు బుడగ కనిపించాలి, అంతే. మొల గుచ్చుకున్న ట్యూబ్‌లెస్ టైరులోంచి గాలి ఒక్కసారిగా పోదు. మొల పీకకుండా, గాలి చూసుకుంటూ మెల్లగా నలుగురున్న చోటుకు చేరుకోవచ్చు. బండి కదలకపోతే నేషనల్ హైవే హెల్ప్‌లైన్ 1033 ఉంది.

ఇదంతా చదివి "అందుకే భాయ్, నేను షోరూమ్‌కే పోతా" అనేవాళ్లు కొందరుంటారు. ఏసీ గది, కాఫీ, కంప్యూటర్ బిల్లు. మసిచేతులు ఉన్నవాడు మోసగాడు, మెడలో కార్డు వేసుకున్నవాడు ఇమాన్‌దార్ అన్న ఖయాల్ మనలో బాగా దిగిపోయింది. అక్కడ ఎస్టిమేట్ రాసిస్తారు, ఒప్పుకుంటాను. గ్యారేజీలు వాళ్ల నుంచి నేర్చుకోవాల్సింది అదొక్కటే. కానీ ఆ ఎస్టిమేట్‌లో ఇంజన్ ఫ్లషింగ్, డీకార్బనైజింగ్, ఏసీ క్లీనింగ్, అండర్‌బాడీ కోటింగ్, ప్రతిసారీ వీల్ అలైన్‌మెంట్ అని వరుసగా ఉంటాయి. అందులో ఎన్ని మీ బండి పుస్తకంలోని సర్వీసు పట్టికలో, ఈ కిలోమీటర్లకు రాసి ఉన్నాయి? "సర్, రికమెండెడ్" అన్న మాటను "దేఖ్లేంగే భాయ్"కి ఇంగ్లీషు తర్జుమా అనుకోండి. పట్టికలో లేనిదాని మీద అడ్డగీత గీసి సంతకం చేయండి. దానికి షరమ్ అక్కర్లేదు, వాళ్లు ఏమీ అనుకోరు.

షోరూమ్ వెనకున్న కంపెనీల సంగతి 2014లోనే బయటపడింది. శంషేర్ కటారియా అనే ఒక వినియోగదారుడు 2011లో హోండా, ఫోక్స్‌వ్యాగన్, ఫియట్ కంపెనీల మీద కాంపిటీషన్ కమిషన్‌కు ఫిర్యాదు చేశాడు. అసలు స్పేర్ పార్టులు, రోగం కనిపెట్టే డయాగ్నస్టిక్ పరికరాలు బయటి మార్కెట్‌లో అమ్మకుండా తమ డీలర్లకే ఇస్తున్నారు, దాంతో బండి కొన్నవాడు వాళ్లు చెప్పిన ధరకు వాళ్ల దగ్గరే చేయించుకోవాల్సి వస్తోంది అన్నది ఫిర్యాదు. విచారణ మిగతా కంపెనీలకూ పాకింది. 2014 ఆగస్టు 25న కమిషన్ మారుతి, టాటా, మహీంద్రా, టొయోటాతో సహా 14 కంపెనీలకు కలిపి 2,544 కోట్ల రూపాయలకు పైగా జుర్మానా వేసింది. పార్టులు బయట దొరికేలా చూడాలని, బయటి మిస్త్రీతో చేయించుకున్నంత మాత్రాన మొత్తం వారంటీ రద్దని చెప్పకూడదని, అతని పని వల్ల చెడిన మేరకే వారంటీ కాదనొచ్చని ఆదేశించింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. 2022 డిసెంబర్ 24న కేంద్ర వినియోగదారుల శాఖ 'రైట్ టు రిపేర్' పోర్టల్ తెరిచి, బండ్లను కూడా అందులో చేర్చింది. అయినా వారంటీ పోతుందన్న భయం ఇంకా పనిచేస్తూనే ఉంది. కొత్త బండి ఉన్నవాళ్లు వారంటీ పుస్తకంలో అసలు ఏం రాశారో చదవండి, కౌంటర్‌లో పిల్లవాడు చెప్పింది కాదు.

ఈ కేసుకు మన జడ్చర్ల రేకుల షెడ్డుకు ఏం తాల్లుక్ అంటారా? చాలా ఉంది. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చినవన్నీ బీఎస్-6 బండ్లు. సెన్సార్లు, కంప్యూటర్. చెవి పెట్టి ఇంజన్ శబ్దం విని రోగం చెప్పే ఉస్తాద్‌ల తజుర్బా ఈ బండ్లకు చాలదు. సరైన స్కానర్, సరైన సాఫ్ట్‌వేర్ లేనివాడు ఏం చేస్తాడు? అందాజ్‌గా ఒక సెన్సార్ మారుస్తాడు. పోలేదు, ఇంకోటి మారుస్తాడు. నియ్యత్ మంచిదే, ధోకా ఇవ్వాలని లేదు. కానీ అతని అందాజ్ ఖర్చంతా మన జేబులోంచే పోతుంది. నా దృష్టిలో ఇది దొంగతనం కంటే ఎక్కువ పైసలు తినే రోగం. "నీ దగ్గర ఈ బండికి స్కానర్ ఉందా?" అని ముందు అడగండి. లేదంటే ఉన్నచోట స్కాన్ చేయించి, వచ్చిన ఎర్రర్ కోడ్ ఫోటో తీసుకుని మీ మిస్త్రీ దగ్గరికే పోండి. కోడ్ వచ్చిందంటే ఆ పార్టే పోయిందని కాదు, వైరు తెగినా అదే కోడ్ వస్తుంది. వైరు చూశాకే పార్టు. స్కాన్ చేసినందుకు, చూసినందుకు పైసలు ఇవ్వండి. చూడటం ఫుకట్ అయినచోట మార్చడం ఖరీదవుతుంది.

ఇప్పుడు రాసుకోవడం గురించి. కురాన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ నమాజ్ గురించి కాదు, రోజా గురించి కాదు. సూరా బఖరాలో 282వ ఆయత్, బాకీల లెక్కలు కాగితం మీద పెట్టుకోవడం గురించి. మొత్తం చిన్నదైనా పెద్దదైనా రాయడానికి బద్ధకించవద్దని కూడా అందులోనే ఉంది. చేతికి చేతి బేరానికి మినహాయింపు ఉంది, నిజమే. కానీ బండి రిపేరు చేతికి చేతి బేరం ఎలా అవుతుంది? ఇవాళ బండి వదులుతాం, రేపు పని, ఎల్లుండి పైసలు, అందులో సగం ఉధార్. ఫిఖ్‌లో ఇజారా బాబ్ చదివినవాళ్లను అడగండి, ఉజ్రత్ ముందే తేలాలన్నది మొదటి షర్తుల్లోనే ఉంటుంది. రాసివ్వమంటే దోస్తీ చెడుతుందన్న మాట మన దీన్‌లో లేదు, మన అలవాటులో ఉంది.

స్టాంపు పేపరు అక్కర్లేదు, వాట్సాప్ చాలు. బండి వదిలేటప్పుడు మీటరు, డీజిల్ ముల్లు, నాలుగు వైపుల బాడీ ఫోటోలు, స్టెప్నీ, జాకీ ఉన్నాయని ఒక ఫోటో. తర్వాత మిస్త్రీకి ఒక మెసేజ్: బండి ఇలా ఇబ్బంది పెడుతోంది, మీరు ఈ పని చేయాలన్నారు, సామాను ఇంత, మజ్దూరీ ఇంత, ఫలానా రోజు ఇస్తామన్నారు, ఇంతకు మించి ఏం చేయాలన్నా నాకు ఫోన్ చేశాకే. అతను "ఠీక్ హై భాయ్" అని పెడితే అదే కాగితం. ఇందులో ఒక బారీకీ ఉంది. "క్లచ్ పోయింది, మార్చు" అని మీరే చెప్పకండి. "గేర్ వేస్తుంటే కిర్రుమంటోంది, చడావ్ ఎక్కేటప్పుడు ఇంజన్ అరుస్తోంది, బండి కదలట్లేదు" అని చెప్పండి. రోగం పేరు మీరే చెబితే, అతను మీరు చెప్పిందే మార్చి ఇస్తాడు. తగ్గకపోతే తప్పు మీదే అవుతుంది.

విప్పాక కొత్త లోపం బయటపడటం సహజం. లోపల ఏముందో విప్పకుండా చెప్పడానికి అతనేమీ గైబ్ తెలిసినవాడు కాదు. మిస్త్రీ తరఫున ఒప్పుకోవాల్సిన మాట అది. కానీ "విప్పితే గానీ తెలియదు" అనేది విప్పడానికి ఎంతో చెప్పకపోవడానికి సాకు కాకూడదు. విప్పడానికి ఇంత, తర్వాత ఫోటో, తర్వాత మీ ఇష్టం. ఇంకో మాట, ఇది మిస్త్రీలు తమలో తాము అనుకునేదే: లీడర్ల బండ్లకు ఫుకట్‌గా చేసిన పని ఖర్చు ఎక్కడికి పోతుంది? లెక్క అడగనివాడి బిల్లులోకి పోతుంది.

ఇన్సూరెన్స్ దగ్గర మాత్రం గిరాకీకే నాలుగు మాటలు చెప్పాలి. బంపర్‌కు చిన్న దెబ్బ తగిలితే "పాత గీతలు కూడా ఇందులోనే కలిపేద్దాం భాయ్, కంపెనీ పైసలే కదా" అంటారు. మనకు అది మోసంలా అనిపించదు. సర్వేయర్ ముందు చెప్పే ఆ ఝూట్‌లో సంతకం మనదే, గ్యారేజీది కాదు. దుకాణదారు లెక్కన చూసినా ఫాయిదా చాలాసార్లు ఉండదు. క్లెయిమ్ లేకుండా ఏళ్లు గడిస్తే సొంత డ్యామేజ్ ప్రీమియం మీద నో క్లెయిమ్ బోనస్ 20 శాతంతో మొదలై 50 దాకా పెరుగుతుంది, ఒక్క క్లెయిమ్‌తో అది పోతుంది. జీరో డెప్ లేని మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాల ఖరీదులో సగం మనమే పెట్టుకోవాలి. నాలుగైదు వేల పనికి క్లెయిమ్ పెట్టించేవాడు మీ ఫాయిదా చూడటం లేదు.

వరదప్పుడైతే అసలే తొందరపడకండి. 2024 ఆగస్టు 31 రాత్రి, సెప్టెంబర్ 1 నాటి వానకు కోదాడలో కార్లు కొట్టుకుపోయాయి, ప్రాణాలు పోయాయి. అలాంటి నీళ్లలో మునిగిన బండిని "ఒకసారి స్టార్ట్ చేసి చూద్దాం" అనేవాణ్ణి ఆపండి. లోపలికి నీళ్లు పోయిన ఇంజన్‌ను తిప్పితే కనెక్టింగ్ రాడ్లు వంగుతాయి. ఇంజన్ ప్రొటెక్షన్ విడిగా కట్టకపోతే ఇన్సూరెన్స్‌వాళ్లు అక్కడే పేచీ పెడతారు. ఫోటోలు తీయండి, కంపెనీకి చెప్పండి, బండిని ఎత్తించి పంపండి. ఇంజన్ మొత్తం విప్పాలన్న మాటను ఆ భయంలో ఒప్పుకోకండి. ఇంకో ఉస్తాద్ కూడా చూశాకే.

బిల్లు సంగతి. "బిల్లు కావాలంటే జీఎస్టీ పడుతుంది భాయ్" అంటారు, మనం "అయితే వద్దులే" అంటాం. తర్వాత పార్టు వారంలో పోతే చేతిలో ఏమీ ఉండదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి బండి విడిభాగాలన్నిటి మీదా జీఎస్టీ 18 శాతమే, అంతకుముందు చాలావాటి మీద 28 ఉండేది. పాత రేటు ఇంకా ఎవరైనా వేస్తే అడగండి. ఏడాదికి 20 లక్షల వ్యాపారం దాటని మిస్త్రీకి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, కాబట్టి అతను జీఎస్టీ పేరుతో పైసా తీసుకోకూడదు. తీసుకునేవాడి బిల్లు మీద 15 అక్షరాల నంబరు ఉండాలి, తెలంగాణది 36తో మొదలవుతుంది. ఆ నంబరును జీఎస్టీ పోర్టల్‌లో కొడితే దుకాణం పేరు వస్తుంది, రాకపోతే ఆ పన్ను సర్కారుకు పోవడం లేదన్నమాట. రిజిస్ట్రేషన్ లేనివాడు కూడా తెల్ల కాగితం మీద సామాను, మజ్దూరీ విడివిడిగా రాసి సంతకం పెట్టి ఇవ్వొచ్చు. 2020 జూలై నుంచి అమల్లో ఉన్న కొత్త వినియోగదారుల చట్టం, బిల్లు ఇవ్వకపోవడాన్నే అక్రమ వ్యాపార పద్ధతుల్లో చేర్చింది.

కోర్టు అంటే భయపడేవాళ్లకు: ముందు 1915 హెల్ప్‌లైన్. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ నల్లగొండలో ఉంది, మహబూబ్‌నగర్‌లోనూ ఉంది. మీరు ఇచ్చిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు, గొడవ మొదలైన రోజు నుంచి రెండేళ్ల గడువు. బండి హైదరాబాద్ షోరూమ్‌లో చెడగొట్టినా మీరుండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి ద్వారా కూడా. అయితే మొహల్లా మిస్త్రీ మీదికి నేరుగా అక్కడికి పరిగెత్తమని నేను అనను. ఇద్దరూ ఇజ్జత్ ఇచ్చే ఒక పెద్ద ఉస్తాద్‌ను కూర్చోబెట్టి, పార్టు ముందు పెట్టి మాట్లాడితే తేలే గొడవలు ఎన్నో. కూర్చున్న చోట కూడా అడిగేది ఒకటే: రాసుకున్నది ఏమైనా ఉందా?

చివరగా ఇంట్లో ఆడవాళ్ల గురించి. మన దగ్గర ఎన్నో ఇళ్లలో మగవాళ్లు జెద్దాలో, దుబాయ్‌లో ఉంటారు. పిల్లల బడికి, అమ్మీ డాక్టర్‌కు, షాదీలకు బండి ఇక్కడుంటుంది. గ్యారేజీకి పోయేది ఆమె. "భాభీ, మీకు అర్థం కాదు, భాయ్‌కి ఫోన్ చేయండి నేను చెప్తా" అంటారు. భాయ్ అక్కడ డ్యూటీలో ఉండి "ఏదో ఒకటి చేయించేయ్" అంటాడు. మిస్త్రీకి ఇంతకంటే తేలికైన గిరాకీ ఉండదు. బండి ఇక్కడ, పైసలు అక్కడి నుంచి, మధ్యలో అడిగేవాళ్లు లేరు. అలాంటి ఇళ్లలో ఒక వాట్సాప్ గ్రూప్ చేయండి: ఆమె, ఆయన, మిస్త్రీ, ముగ్గురే. బండిలో లోపం ఏమిటో ఆమె వాయిస్‌లో చెప్పాలి, మిస్త్రీ రేటు అందులోనే పెట్టాలి, విప్పిన పార్టు ఫోటో అందులోనే రావాలి, "చేయి" అన్న మాట ఆమె చెప్పాకే పని మొదలవ్వాలి. రోజూ నడిపేది ఆమె కాబట్టి ఆ కిర్రుమనే శబ్దం ఏ గేర్‌లో వస్తుందో జెద్దాలో ఉన్న ఆయన కంటే ఆమెకే బాగా తెలుసు. బండి తీసుకోవడానికి వెళ్లినప్పుడు పాత పార్టు సంచీలో వేయించుకుని, ఒక చక్కర్ తిప్పి చూశాకే ఫోన్‌పే తెరవాలి.